వేలాడే వంతెన నిలబడేదెలా?

డబ్లిన్ నగరానికి ఉత్తరాన బోమాంట్ అనే పేటలో మా ఇల్లు. ఆ పేరు చెప్పగానే ఇక్కడి తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది 1987లో తెరిచిన పెద్దాసుపత్రి. మా ఆవిడ పనిచేసేది అక్కడే. నేను మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని పొట్టపోసుకునే బాపతు. చదివింది సివిల్ ఇంజనీరింగు. 2002లో పట్టా చేతికొచ్చేసరికి సివిల్ వాళ్ళని పిలిచి ఉద్యోగమిచ్చే నాథుడు కనపడలేదు. అమీర్‌పేటలో మూడు నెలలు జావా నేర్చుకుని ఈ దారిన పడ్డాను. ఈ కథ మీలో చాలామందికి కొత్తది కాదు.

నిరుడు మావాడికి బళ్ళో ఒక పని ఇచ్చారు. ఐస్‌క్రీం పుల్లలతోనూ దారంతోనూ వంతెన కట్టుకు రావాలి. పదకొండేళ్ళవాడు. జిగురు చేతులతో నా దగ్గరికి వచ్చి, "నాన్నా, నువ్వు చదివింది ఇదే కదా? ఎన్ని బ్రిడ్జీలు కట్టావు?" అన్నాడు.

అప్పుడు మా నాన్నగారు కొవ్వూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. గోదావరి డెల్టా కాలవల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. నన్ను పట్టుబట్టి సివిల్‌లో చేర్పించింది ఆయనే. పేపరులోంచి తల ఎత్తలేదు గాని, నా జవాబు కోసం ఆయన కూడా చెవి ఒగ్గారని నాకు తెలుసు.

"ఒక్కటీ కట్టలేదురా" అన్నాను.

"పోనీ, ఇదెందుకు పడిపోతోందో చెప్పు" అని పుల్లల వంతెన నా ముందు పెట్టాడు. చెప్పబోయి మూడు వాక్యాల తరవాత ఆగిపోయాను. పరీక్షలో డెబ్భై మార్కులు తెచ్చుకున్న పేపరు అది. సూత్రం గుర్తుంది, అది ఎందుకు నిజమో గుర్తు లేదు. నాన్నగారు పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఆ వేసవిలో మూడు తరాలవాళ్ళం కారెక్కి ఇంగ్లండులోని బ్రిస్టల్ వెళ్ళాం, ఏవన్ నది లోయ మీద ఉన్న క్లిఫ్టన్ వేలాడే వంతెన చూడటానికి. నేను మరిచిపోయిన పాఠం మళ్ళీ చదువుకోవటానికి అంతకన్నా మంచి పుస్తకం దొరకదు అనిపించింది. ఆ చదువుకున్నదే ఈ వ్యాసం.

1. దారిలో ఒక తాతగారు

డబ్లిన్ రేవులో కారుతో సహా ఓడెక్కితే మూడు గంటల పైచిలుకులో వేల్సులోని హోలీహెడ్‌లో దిగుతాం. నాన్నగారి వీసాలో ఐర్లండుకీ బ్రిటనుకీ రెండింటికీ చెల్లే ముద్ర ఉంది కాబట్టి ఆ బెంగ లేదు. హోలీహెడ్ ఉన్నది ఆంగ్ల్‌సీ అనే దీవిలో. దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య మెనై అనే సన్నటి సముద్రపు పాయ. దాని మీద 1826లో థామస్ టెల్‌ఫర్డ్ కట్టిన వేలాడే వంతెన ఇంకా ఉంది.

ఆ వంతెన పుట్టిందే డబ్లిన్ కోసం. 1800లో చట్టం చేసి ఐర్లండుని బ్రిటనులో కలిపేశాక, డబ్లిన్‌లో ఉన్న పార్లమెంటు పోయింది. ఐరిష్ సభ్యులు లండను వెళ్ళాలి, టపా వెళ్ళాలి. మధ్యలో మెనై పాయని పడవలో దాటటం ప్రాణాంతకంగా ఉండేది. టెల్‌ఫర్డ్ రెండు రాతి బురుజులు లేపి, ఇనుప గొలుసులు వేసి, 579 అడుగుల దూరాన్ని ఒక్క అంగలో దాటించాడు. రెండు బురుజుల మధ్య దూరాన్ని ఇంజనీర్లు స్పాన్ అంటారు. ఈ వ్యాసంలో నేను 'అంగ' అంటాను. మనిషి అంగ వేసినట్టే ఉంటుంది కాబట్టి. ఆ రోజుల్లో లోకంలో అంత పెద్ద అంగ వేసిన వంతెన మరొకటి లేదు.

తాళ్ళ మీద వేలాడే వంతెనలు కొత్తవి కావు. హిమాలయాల్లో మనుషులు ఎన్నో శతాబ్దాలుగా వాటి మీద నదులు దాటుతున్నారు. మన దీవి ఉత్తరపు కొసన, క్యారిక్-ఎ-రీడ్ దగ్గర సాల్మను చేపలు పట్టేవాళ్ళు కట్టుకున్న తాడు వంతెన మీద మీరూ పిల్లల్ని నడిపించే ఉంటారు. బళ్ళూ గుర్రాలూ దాటేలా, ఊగకుండా కట్టడమే కొత్త.

2. దండెం చెప్పే పాఠం

ఇక అసలు సంగతి. వేలాడే వంతెన ఎందుకు పడిపోదు?

ఇంటి పెరట్లో దండెం కట్టారనుకోండి. దాని పొడుగునా నాలుగు కేజీల తడి దుప్పటి ఆరేశారు. తాడు మధ్యలో కుంగుతుంది. కుంగకుండా ఉండాలని తాడుని మరింత బిగించి లాగి కడతారు. అప్పుడేమవుతుంది? గుంజలు లోపలికి వాలతాయి, లేదా తాడు తెగుతుంది. అంటే దండెం ఎంత తిన్నగా ఉంటే అంత ఎక్కువ బలంతో గుంజల్ని లాగుతుందన్నమాట.

ఎందుకంటే, బరువు కిందికి లాగుతోంది. దాన్ని మోయాలంటే తాడు ఎంతో కొంత పైకి లాగాలి. బల్లపరుపుగా ఉన్న తాడు పక్కకే లాగగలదు గాని పైకి లాగలేదు. కుంగినప్పుడే తాడుకి వాలు వస్తుంది, వాలు ఉంటేనే పైకి లాగే పాలు వస్తుంది. వాలు తక్కువైతే, ఆ కాస్త పైపాలు సంపాదించటానికి తాడు బోలెడంత పక్కకి లాగవలసి వస్తుంది.

లెక్క కూడా చిన్నదే. అంగని కుంగుతో భాగించి, దాన్ని ఎనిమిదితో భాగించి, మోస్తున్న బరువుతో గుణిస్తే పక్కకి లాగే బలం వస్తుంది. కుంగు అంగలో పదోవంతు ఉంటే పదిని ఎనిమిదితో భాగించాలి, అంటే ఒకటింపావు. మన నాలుగు కేజీల దుప్పటికి ఐదు కేజీల లాగుడు. కుంగు నలభయ్యోవంతే ఉండేలా బిగించి కడితే ఇరవై కేజీల లాగుడు. దుప్పటి అదే, గుంజలూ అవే, లాగుడు నాలుగింతలైంది.

క్లిఫ్టన్ వంతెన అంగ 702 అడుగులు, అంటే 214 మీటర్లు. గొలుసుల కుంగు సుమారు 70 అడుగులు. సరిగ్గా పదోవంతు! కుంగు ఇంకా పెంచితే లాగుడు తగ్గుతుంది గాని బురుజులు ఇంకా ఎత్తుగా కట్టాలి, గొలుసులు ఇంకా పొడుగు కావాలి, వంతెన మరింత ఊగుతుంది. ఈ బేరసారాల మధ్య కుదిరిన రాజీ ఈ పదోవంతు.

గొలుసు వంపుని గురించి ఒక మాట. ఊరికే వదిలేసిన గొలుసు తన బరువుకి తాను వంగే తీరు ఒకటి. దాని గణితాన్ని 1691లో హైగన్స్, లైబ్నిట్జ్, యోహాన్ బెర్నూలీ విడివిడిగా తేల్చారు. బరువంతా కింద ఉన్న బల్లపరుపు బాటదైతే, ఆ వంపు పరవలయం అవుతుంది. వంతెన గొలుసుకి తన బరువూ ఉంది, బాట బరువూ ఉంది. కాబట్టి దాని వంపు ఈ రెండింటికీ నడుమన ఉంటుంది. రెండూ ఎంత దగ్గరగా ఉంటాయంటే కంటితో తేడా పట్టలేం.

3. వెయ్యి పౌన్ల వీలునామా

బ్రిస్టల్ దగ్గర ఏవన్ నది సున్నపురాతి కొండల్ని నిలువునా కోసుకుంటూ పోతుంది. మన పాపికొండలంత విశాలం కాదు గాని, అంచులు మాత్రం గోడ కట్టినట్టు ఉంటాయి. సముద్రపు పోటు ఇక్కడిదాకా వస్తుంది. ఆటుకీ పోటుకీ మధ్య నీటిమట్టం తేడా 12 మీటర్లు దాటే రోజులున్నాయి. మేము పొద్దున్న చూసినప్పుడు నిండా నీళ్ళు. మధ్యాహ్నానికి బురద ఒడ్ల నడుమ ఒక కాలవ. "ఇదేమిట్రా, లాకు ఎత్తేశారా?" అన్నారు నాన్నగారు. పోటు నీటికి 245 అడుగుల ఎత్తున వంతెన.

1753-54 ప్రాంతంలో విలియం విక్ అనే బ్రిస్టల్ సారా వర్తకుడు వీలునామాలో వెయ్యి పౌన్లు విడిచిపెట్టాడు. అది వడ్డీతో పదివేలు అయ్యాక ఈ లోయ మీద రాతి వంతెన కట్టాలన్నది షరతు. 75 ఏళ్ళు గడిచి 1829 వచ్చేసరికి అది ఎనిమిది వేలైంది. లెక్క వేసి చూశాను. ఏడాదికి మూడు శాతం కూడా రాలేదు. ఈలోగా రాతి వంతెన ఖర్చు అంచనా 90 వేల పౌన్లకి చేరింది. జీతం ఎంత పెరిగినా ఇళ్ళ ధరని అందుకోలేని డబ్లిన్ వాసులకి ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

రాయి వద్దు, ఇనుప గొలుసులతో వేలాడదీద్దాం అని పోటీ పెట్టారు. 22 నమూనాలు వచ్చాయి. న్యాయనిర్ణేతగా పిలిచిన టెల్‌ఫర్డ్ అన్నిటినీ తిరగ్గొట్టాడు. అంత పొడుగు అంగ గాలికి ఆగదని ఆయన భయం. తన నమూనా తానే ఇచ్చాడు: లోయ అడుగు నుంచి రెండు ఎత్తైన బురుజులు లేపి అంగని తగ్గించటం. ఊరివాళ్ళకి అది రుచించలేదు. రెండోసారి పోటీ పెడితే మొదట రెండో స్థానం వచ్చిన కుర్రాడు న్యాయనిర్ణేతతో మాట్లాడి, తన లెక్కలు వివరించి, మొదటి స్థానం తెచ్చుకున్నాడు. ఆ కుర్రాడు ఇసంబార్డ్ కింగ్డమ్ బ్రునెల్. 1831 మార్చిలో అతన్ని ఇంజనీరుగా నియమించారు. అప్పటికి అతనికి 24 ఏళ్ళు. వంతెనలేవీ కట్టినవాడు కాదు.

బ్రునెల్ మనకి పరాయివాడు కాదు. డార్ట్ రైల్లో బ్రే దాటి గ్రేస్టోన్స్ వెళ్ళేటప్పుడు కొండ అంచున, సముద్రం మీదికి ఒరిగినట్టు పోతాం చూడండి, ఆ దారికి తరవాత ఇంజనీరు ఇతనే. అలలు గట్టుని కోసేస్తుంటే పట్టాల్ని లోపలికి జరుపుకుంటూ రావలసి వచ్చి, దాని నిర్వహణ ఖర్చు చూసి జనం దానికి 'బ్రునెల్ తెలివితక్కువ పని' అని పేరు పెట్టారు. మేధావులు కూడా సముద్రం దగ్గర లెక్క తప్పుతారు.

బ్రిస్టల్లో ఇంకొక పేరు కూడా వినిపిస్తుంది: సారా గప్పీ. 1811లోనే వేలాడే వంతెనల పునాదుల పద్ధతి మీద పేటెంటు తీసుకున్న స్త్రీ. క్లిఫ్టన్ నమూనా ఆవిడదేనని కొందరు చెబుతారు. అది నిజం కాదు. పేటెంటు మాత్రం నిజం.

4. ముప్ఫయ్యేళ్ళు ఆగిన పని

1831 జూన్‌లో కొబ్బరికాయ కొట్టినంత ఆర్భాటంగా పని ప్రారంభోత్సవం చేశారు. అక్టోబరులో బ్రిస్టల్లో ఓటు హక్కుల గొడవలు చెలరేగి ఊరు తగలబడింది. మదుపుదార్లు వెనక్కి తగ్గారు. పని ఆగింది. మళ్ళీ 1836లో పునాదిరాయి వేశారు. లోయకి అడ్డంగా వెయ్యి అడుగుల ఇనుప కడ్డీ లాగి, దానికి బుట్ట కట్టి, సామాను అటూ ఇటూ చేరవేశారు. ఆ బుట్టలో మొదట దాటినవాడు బ్రునెల్ అనీ, నడిమధ్య అది ఇరుక్కుంటే తానే పైకెక్కి విడిపించాడనీ చెప్పుకుంటారు. 1837లో గుత్తేదార్లు దివాలా తీశారు. 1843 నాటికి రెండు బురుజులు లేచాయి, డబ్బు అయిపోయింది.

ఆ తరవాత దాదాపు ఇరవయ్యేళ్ళు లోయకి అటొకటి ఇటొకటి బురుజులు నిలబడి ఉన్నాయి, మధ్యలో ఏమీ లేకుండా. మన గోదావరి మీద కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తిచేసినది ఈ విరామంలోనే.

మనవాళ్ళకి గుర్తుండవలసిన సంగతి మరొకటి ఉంది. రాజా రామమోహన రాయ్ 1833 సెప్టెంబరులో బ్రిస్టల్ వచ్చి, అక్కడే జబ్బుచేసి, 27వ తేదీన కన్నుమూశారు. 1843లో, అంటే ఈ వంతెన పని ఆగిన ఏడాదే, ఆయన అస్థికల్ని ఆర్నోస్ వేల్ శ్మశానానికి మార్చి, ద్వారకానాథ్ ఠాగూర్ పూనికతో పైన బెంగాలీ తీరులో మండపం కట్టించారు. మేము అక్కడికీ వెళ్ళాం. రాజమండ్రిలో వీరేశలింగం గారిని కదిలించిన బ్రహ్మసమాజానికి మూలపురుషుడు ఇక్కడ పడుకుని ఉన్నాడని మావాడికి చెప్పాను. "ఇంటికి తిరిగి వెళ్ళలేకపోయాడా?" అని వాడడిగాడు. నాన్నగారు వాడి భుజం మీద చెయ్యి వేసి ముందుకి నడిపించారు.

బ్రునెల్ ఈలోగా రైలు దారులూ, మహా నౌకలూ కట్టి పేరు గడించాడు. డైరీలో తన తొలి బిడ్డ అని రాసుకున్న ఈ వంతెన మాత్రం అలాగే ఉండిపోయింది. దీనికోసం చేయించిన ఇనుప పట్టీల్ని కూడా అప్పుల కింద అమ్మేశారు. వాటిని అతని మరో వంతెనకే, సాల్టాష్ దగ్గర టామార్ నది మీది రైలు వంతెనకి వాడారు. అది 1859లో తెరిచారు. ఆ సెప్టెంబరులోనే బ్రునెల్ 53 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

అప్పుడు అతని తోటి ఇంజనీర్లు పూనుకున్నారు. అతని జ్ఞాపకంగా ఈ వంతెన పూర్తి చెయ్యాలని డబ్బు కూడబెట్టారు. లండనులో థేమ్స్ మీద బ్రునెల్ 1845లో కట్టిన హంగర్‌ఫర్డ్ నడక వంతెనని రైలు కోసం 1860లో పడగొడుతున్నారు. ఆ గొలుసుల్ని 5,000 పౌన్లకి కొని తెచ్చారు. తన గొలుసులు మరో వంతెనకి పోయాయి; మరో వంతెన గొలుసులు తనకి వచ్చాయి. జాన్ హాక్‌షా, విలియం హెన్రీ బార్లో పాత నమూనాని సరిదిద్దారు: బాట వెడల్పు పెంచారు, అటు రెండు ఇటు రెండు అనుకున్న గొలుసుల్ని మూడేసి చేశారు. 1862లో పని మొదలై, 1864 డిసెంబరు 8న వంతెన తెరిచారు. బ్రునెల్ గీసిన ఈజిప్టు సింహాలు బురుజుల మీదికి ఎప్పటికీ ఎక్కలేదు. గరుకు రాతి బురుజులు అలాగే మిగిలాయి. నాకైతే అలాగే బాగున్నాయి.

5. గొలుసులు, చక్రాలు, సొరంగాలు

వంతెన దగ్గరికి వెళ్ళి చూస్తే గొలుసు మనం అనుకునే గొలుసులా ఉండదు. చదునైన ఇనుప పట్టీలు, ఒక్కొక్కటి సుమారు 24 అడుగులు. పది పన్నెండు పట్టీల్ని పక్కపక్కన పేర్చి, చివర్లలో రంధ్రాల గుండా లావు మేకు దూర్చి, తరవాతి జట్టుకి తగిలిస్తారు. ఒక పట్టీ తెగినా పక్కనున్నవి మోస్తాయి. మా సాఫ్ట్‌వేరు వాళ్ళం ఒక సర్వరు పోతే మరొకటి అందుకునేలా ఏర్పాటు చేసి గొప్పలు పోతాం. ఆ ఆలోచన ఇక్కడ ఇనుములో ఉంది.

ప్రతి పక్కా మూడు గొలుసులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అతుకుల దగ్గర నుంచి నిలువు కడ్డీలు కిందికి దిగుతాయి. మూడు గొలుసుల అతుకులూ ఒకేచోట రాకుండా జరిపారు కాబట్టి ప్రతి ఎనిమిది అడుగులకీ ఒక కడ్డీ వస్తుంది. మొత్తం 81 జతలు. బురుజుల దగ్గర కడ్డీ 65 అడుగులు, నడిమధ్య 3 అడుగులు. మావాడు మధ్యలో కడ్డీ పక్కన నిలబడి, దానికంటే తాను పొడుగని ఫొటో తీయించుకున్నాడు.

బురుజుల మీద గొలుసుని బిగించి కట్టెయ్యలేదు. అక్కడ జీనులాంటి ఇనుప దిమ్మ ఉంది, దాని కింద దొర్లే చక్రాలున్నాయి. ఎందుకో చూడండి. ఇనుము వేడికి సాగుతుంది. 100 మీటర్ల ఇనుముకి పది డిగ్రీలకి సుమారు 1.2 సెంటీమీటర్లు. చలికాలానికీ ఎండకాలానికీ ముప్ఫై డిగ్రీల తేడా అనుకుంటే, 214 మీటర్లకి ఏడు సెంటీమీటర్ల పైమాట. గొలుసుని రాతికి కట్టేస్తే, ఆ సాగుడూ ముడుచుకోవటమూ బురుజు తలని ముందుకీ వెనక్కీ లాగుతాయి. రాయి నొక్కుడికి ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగుడికి ఓర్చుకోదు. చక్రాలుంటే ఆ కాస్త కదలిక గొలుసే కదులుతుంది. బురుజు మీద నిలువు బరువు ఒక్కటే పడుతుంది.

మరి పక్కకి లాగే ఆ బలమంతా ఎక్కడికి పోతుంది? బురుజు దాటాక గొలుసు వాలుగా నేలలోకి దిగి, కొండలో తొలిచిన సొరంగంలోకి పోతుంది. లోపలికి పోయేకొద్దీ సొరంగం వెడల్పు అవుతుంది. చివర ఇటుకతో కట్టిన బిరడా ఉంటుంది. లాగేకొద్దీ ఆ బిరడా ఇరుకు వైపుకి వచ్చి మరింత బిగుసుకుంటుంది. వంతెనని చివరికి మోసేది కొండే. పోటోల్లో మనకి కనపడనిది, అసలు బరువు మోసేది అదే.

మావాడి పుల్లల వంతెన ఎందుకు పడిందో నాకు అక్కడ అర్థమైంది. దారాన్ని పుల్లల స్తంభాల నెత్తిన ముడివేసి ఆపేశాడు. స్తంభాలు లోపలికి వాలిపోయాయి. దారాన్ని నెత్తి మీంచి దాటించి, వెనకాల బల్లకి మేకు కొట్టి కట్టాలి.

6. గాలి, అడుగుల చప్పుడు

కొలతలన్నీ సరిపోయినా, వేలాడేదానికి ఊగే గుణం పోదు. 1831 ఏప్రిలులో మాంచెస్టరు దగ్గర బ్రౌటన్ వంతెన మీద సైనికులు కవాతు చేస్తూ దాటుతుంటే, వాళ్ళ అడుగుల లయకి వంతెన ఊగి కూలింది. ఉయ్యాలని వచ్చేటప్పుడల్లా చిన్నగా తోస్తే చాలదూ? ప్రాణాలు పోలేదు గాని, తరవాత సైనికులు వంతెనల మీద అడుగు తప్పించి నడవాలని ఆజ్ఞ వచ్చింది.

1839 జనవరి 6 రాత్రి ఐర్లండుని పెద్దగాలి ముంచెత్తింది. ఇక్కడి ముసలివాళ్ళు తరతరాలుగా చెప్పుకున్న గాలి అది. అదే తుపాను మెనై వంతెన బాటని కూడా విరగ్గొట్టింది. టెల్‌ఫర్డ్ భయం ఉత్తది కాదన్నమాట. 1940లో అమెరికాలో టాకోమా వంతెన గాలికి మెలికలు తిరిగి కూలిన సినిమా మా కాలేజీలో చూపించారు.

మందు ఏమిటంటే బాటకి వెన్నెముక పెట్టటం. క్లిఫ్టన్‌లో బాట పొడుగునా ఇనుప దూలాలున్నాయి, పక్కనున్న జాలీ పిట్టగోడ కూడా బిగువునిచ్చేదే. బండి ఎక్కడున్నా ఆ దూలం దాని బరువుని ఒక్క కడ్డీ మీద పడనివ్వకుండా పదిమందికీ పంచుతుంది. తెరవబోయే ముందు 500 టన్నుల రాళ్ళు పరిచి పరీక్షించారు. బాట ఏడంగుళాలు కుంగి, ఊరుకుంది.

7. దీన్ని చూసేదెవరు?

వంతెన మధ్యలో నాన్నగారు ఒక కడ్డీ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. కారు పోయినప్పుడల్లా కడ్డీ సన్నగా వణుకుతోంది. వెనకాల వంతెన గురించి చెప్పే ఒక పెద్దమనిషి బ్రునెల్ కథ చెబుతున్నాడు. నాన్నగారు అంతా విని, "ఇప్పుడు దీన్ని చూసేదెవరో అడుగు" అన్నారు.

అడిగాను. ఆయన ముఖం వికసించింది. ఆ ప్రశ్న ఎవరూ అడగరనుకుంటాను. వంతెనని చూసుకునేది ఒక ధర్మకర్తల సంస్థ. ఖర్చంతా బళ్ళు కట్టే సుంకం మీదే వెళ్ళాలి. నాలుగు టన్నులు దాటిన బండిని రానివ్వరు. పండగలకి వేలమంది జనం ఒక్కసారి ఎక్కటం చూసి, 2003, 2004 ప్రాంతం నుంచి అలాంటి రోజుల్లో వంతెన మూసేయటం మొదలుపెట్టారు. 2009 ఏప్రిలులో ఒక కడ్డీలో పగులు కనపడితే వెంటనే మూసి, సరిచేసి, తెరిచారు.

ఇంకో సంగతి చెప్పాడు. లీ వుడ్స్ వైపు బురుజు కింద 110 అడుగుల రాతి దిమ్మ ఉంది. అది గట్టి రాతికట్టు అని అందరూ అనుకునేవారు. 2002లో తొలిచి చూస్తే లోపల పన్నెండు గదులు! కొన్ని పదకొండు మీటర్ల ఎత్తు. కట్టిన పటాలు మిగలకపోవటంతో నూట అరవయ్యేళ్ళు ఎవరికీ తెలియలేదు. నాకు నవ్వొచ్చింది. నేను రోజూ చేసే పని అదే. ఎవరో ఇరవయ్యేళ్ళ కిందట రాసి, కాగితం ముక్క కూడా వదలకుండా వెళ్ళిపోయిన ప్రోగ్రాముల్లో ఇలాంటి గదులు వెతుక్కోవటం.

చూసేవాడు లేకపోతే ఏమవుతుందో మనకి తెలుసు. గుజరాతులోని మోర్బీలో ఇంచుమించు ఈ కాలపు వేలాడే వంతెనే, మరమ్మతు చేశామని తెరిచిన కొద్ది రోజులకే, 2022 అక్టోబరు 30న తెగిపోయింది. 135 మంది చనిపోయారు. చాలామంది పండగ సెలవలకి పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు. సరిగ్గా ఆ నెలలోనే మెనైలో కడ్డీల మీద అనుమానం వచ్చి, ప్రమాదం జరగకముందే వంతెన మూశారు; జనం విసుక్కున్నా 2023 ఫిబ్రవరి దాకా తెరవలేదు. విసుక్కోవటానికి జనం మిగిలారు.

తిరిగి కారు దగ్గరికి నడుస్తూ నాన్నగారు 1986 గోదావరి వరద సంగతి ఎత్తారు. నాకప్పుడు ఐదేళ్ళు, ఆయన కొన్ని రోజులు ఇంటికి రాలేదని మాత్రం గుర్తు. లస్కర్లతో కలిసి రాత్రంతా లాంతరు పట్టుకుని గట్టు వెంబడి నడిచారట, ఎక్కడైనా నీరు ఊరుతోందేమో అని. "మేమున్న దగ్గర గండి పడలేదు. పడనిదాన్ని ఎవడు చూస్తాడు?" అన్నారు. కాసేపాగి, "కట్టినవాడి పేరు రాయి మీద ఉంటుందిరా. కాసినవాడి పేరు మస్టర్ రోలులో ఉంటుంది. నేనూ ఏమీ కట్టలేదు" అన్నారు.

ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగం గురించి ఆయన నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. ఇరవయ్యేళ్ళుగా ఆయన నా మీద నిరాశపడ్డారనుకుంటూ వచ్చాను. ఆయన ఏమీ అనకపోవటంలో నేను చదువుకున్నది వేరు, అందులో ఉన్నది వేరు.

మన సభల్లో మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ మనం రెండు సంస్కృతుల మధ్య వారధులం అంటూ ఉంటారు. వంతెన చదువు చదివినవాడిగా నాదొక్కటే మనవి. వేలాడే వంతెనకి కావలసినవి నాలుగు: కాస్త కుంగటానికి ఒప్పుకోవటం, నెత్తిన కట్టేసుకోకుండా కాస్త కదలనివ్వటం, రెండు గట్ల మీదా లోతుగా లంగరు, రోజూ చూసేవాడు ఒకడు. మిగతాది అలంకారం.

నాన్నగారు కొవ్వూరు వెళ్ళిపోయారు. మావాడి పుల్లల వంతెన, దారాలు వెనక్కి కట్టి సరిచేశాక, రెండు కేజీల పంచదార పొట్లం మోసింది. వాళ్ళ టీచరు దాన్ని బళ్ళో కిటికీ దగ్గర పెట్టారట. మొన్న వీడియోలో తాతగారికి వాడు ఆ సంగతి చెబుతుంటే ఆయన అంతా విని ఒకటే అడిగారు:

"దారాలు వదులవుతాయిరా. వారానికోసారి చూస్తున్నావా?"